టేకు నేల మీద మెత్తజోళ్ళు

ఆవిడను అందరూ మెత్తజోళ్ళ పిన్ని అనేవారు. పేరులో ఉన్న మెత్తదనాన్ని మనిషిలో వెతికి లాభం లేదు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. పాలు పోసేవాడి దగ్గర్నుంచి వీధి చివర డాక్టరు దాకా ఆవిడ చేత మాట పడని వాళ్ళు లేరు. పిన్ని వస్తోందంటే వీధి కుక్కలు కూడా లేచి పక్కకు జరుగుతాయని ఆవిడ భర్త చెబుతుండేవాడు. ఆవిడ పిన్ని కాబట్టి ఆయన్ని మనం బాబాయి అందాం. ఆ మాట ఆయన పిన్ని ఇంట్లో లేనప్పుడే చెప్పేవాడు.

అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం ఎవరేమన్నా నోరెత్తేది కాదు. నీ కుట్టు నిలవదంటే, నిలవదని ఒప్పుకునేది. జీవితమంతా కుట్టుపని చేసి పెన్షను పుచ్చుకుంటున్న మనిషి, దిండు గలీబు చిరిగితే సంచిలో పెట్టుకుని బజారులో దర్జీ దగ్గరికి వెళ్ళేది. ఆ దర్జీ కుట్టు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పిన్ని మాత్రం డబ్బులిచ్చి నోరు మూసుకుని వచ్చేసేది. ఎందుకలా అయిందో తెలియాలంటే ముందు పవర్‌హౌస్ గురించి తెలియాలి.

పవర్‌హౌస్ ఊరి మధ్యలో, నది ఒడ్డున ఉంది. ఎర్ర ఇటుక కట్టడం, రెండు చిమ్నీలు. కట్టించినవాళ్ళు ఏమనుకున్నారో గానీ, బొగ్గు మండించి కరెంటు తీసే చోటుకి కోటకి చేసినంత సింగారం చేశారు. గోడ పొడవునా కమాను కిటికీలు, ఒక్కొక్కటి మనిషికి మూడింతల ఎత్తు. టర్బైన్ హాలు లోపలి గోడలకి తెల్లటి మెరుగు పలకలు, వాటి మధ్యలో నడుం ఎత్తున ఆకుపచ్చ గీత. చివరికి బూడిద తోడే సొరంగానికి కూడా వాకిట్లో రాతి లతలు చెక్కించారు. బూడిద బండి తోసేవాడికి వాటిని చూసే తీరిక ఎప్పుడు దొరుకుతుందనుకున్నారో తెలీదు. దొరికినా, వాడి కళ్ళ నిండా బూడిదే ఉండేది.

కంట్రోల్ రూము సంగతి వేరే. ఊరంతటికీ కరెంటు ఎక్కడికి ఎంత పోవాలో నడిపించే గది అది. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. పైకప్పు మొత్తం అద్దాలే, వాటికి ఇత్తడి చట్రాలు. గోడ చుట్టూ బూడిదరంగు చలవరాతి పలకలు, వాటి నిండా మీటర్లు, ఇత్తడి పిడుల స్విచ్చులు. కింద టేకు నేల. చేతి వెడల్పు చెక్కముక్కల్ని చాప అల్లినట్టుగా ఒకదాన్లోకి ఒకటి కూర్చి వేశారు. చెక్కయితే షాకు కొట్టదని ఇంజనీర్లు కారణం చెప్పేవారు. చూడ్డానికి బాగుంటుందని వేశామని చెప్పడం వాళ్ళకు మర్యాదగా అనిపించి ఉండదు.

ఆ నేల మీద గీత పడకూడదని ఒక నియమం ఉండేది. పెద్ద ఇంజనీరైనా, చూడ్డానికి వచ్చిన మంత్రైనా, గడప దగ్గర బూట్లు విప్పి మెత్తజోళ్ళు వేసుకోవాల్సిందే. పైన కాన్వాసు, అడుగున ఫెల్టనే మందపాటి ఉన్నిగుడ్డ, చుట్టూ చేతికుట్టు. అవి వేసుకున్నాక అడుగు ఎత్తకూడదు, నేల మీద జార్చుకుంటూ నడవాలి. అలా నడిచిన ప్రతి అడుగూ నేలకు మెరుగు పెట్టినట్టే. అందుకే ఆ గదికి విడిగా మెరుగు పెట్టేవాళ్ళను పెట్టలేదు. ఉద్యోగం అలవాటై కంట్రోల్ రూము వాళ్ళు బజార్లో కూడా అలాగే నడిచేవారు. కూరగాయల దుకాణం ముందు ఎవరైనా కాళ్ళు ఈడుస్తూ కనిపిస్తే, రోగిష్టా కంట్రోల్ రూమా అని జనం ఒక్క క్షణం ఆలోచించేవారు.

ఆ మెత్తజోళ్ళు కుట్టింది పిన్ని. వెనకవైపు బొగ్గు పెరడును ఆనుకుని కుట్టు గది ఉండేది. ఆవిరి గొట్టాలకు కాన్వాసు తొడుగులు, బాయిలరు మనుషులకు చేతి తొడుగులు, దుమ్ము పట్టే గోనె సంచులు అక్కడ కుట్టేవారు. కొత్తగా పెళ్ళయి, బొగ్గు బెల్టు దగ్గర ఫిట్టరుగా చేస్తున్న బాబాయి సిఫారసుతో పిన్ని ఆ గదిలో చేరింది. చెయ్యి అందరికన్నా నాజూగ్గా ఉందని మెత్తజోళ్ళ పని ఆవిడకిచ్చారు. ఆవిడ ఆర అనే మొనదేలిన ఇనప పుల్లతో చిల్లు పొడిచి, మైనం పట్టించిన దారంతో వెనక్కో పోటు, ముందుకో పోటు వేసి, చివర ముడి కనబడకుండా లోపలికి దాచేది. ఆ రోజుల్లో తన పని చూసుకుని తనే మురిసిపోయేది.

కుట్టినవి స్టోరు కిటికీలోంచి లోపలికి పోయేవి. అవి ఏ నేల మీద నడుస్తున్నాయో పిన్ని ఎన్నడూ చూడలేదు. కుట్టు గది వాళ్ళకు కంట్రోల్ రూములో పని లేదు, పని లేనివాళ్ళు అటు వెళ్ళకూడదు.

జత ఏడాది పాటు రావాలని లెక్క. అవి మూణ్ణెల్లు తిరక్కుండానే, అడుగులు అట్టల్లా అరిగి, అంచుల్లో పీచు లేచి వెనక్కి వచ్చాయి. స్టోరు అధికారి మంచివాడు. గొంతు పెంచి ఎరగడు, ఎవరినీ తిట్టి ఎరగడు. అరిగిన జతలన్నిటినీ తెచ్చి, అందరూ చూస్తుండగా పిన్ని బల్ల మీద వరసగా పేర్చి, “కుట్టు చూసుకోమ్మా” అని వెళ్ళిపోయేవాడు. తిట్టినా బాగుండేది. తిడితే పిన్ని నాలుగు తిట్టి ఉండేది, లెక్క సరిపోయేది. ఆ మెత్తటి మాటకు ఏం జవాబు చెప్పాలో తెలీక, ఆవిడకు తల కొట్టేసినట్టయ్యేది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తమ పనిలో తలలు దూర్చేసేవారు.

పిన్ని పట్టు వదల్లేదు. దారం రెండు పేటలు చేసింది. జోళ్ళు ఇంకా తొందరగా వెనక్కి వచ్చాయి. అడుగుకు ఫెల్టు రెండు మడతలు వేసింది. మరీ తొందరగా వచ్చాయి. చివరికి బాగా ఆలోచించి, ఫెల్టు అరక్కుండా అడుగు మొత్తానికి వేడి మైనం పట్టించింది. ఆ జతలు వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాయి. ఎంత గట్టిగా కుడితే అంత త్వరగా అరిగే వస్తువు లోకంలో ఇంకొకటి ఉండదు. ఎక్కడో ఏదో తేడా ఉందని ఎవరికైనా అనుమానం రావాలి. పిన్నికి రాలేదు. తన చెయ్యే మంచిది కాదనుకుంది. ఈ పని వేరేవాళ్ళకు ఇమ్మని అడిగింది కూడా. కానీ ఆ మాట పడడానికి కుట్టు గదిలో ఇంకెవరూ ముందుకు రాలేదు. ఇలా ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ జరిగింది.

ఇంటికి వచ్చాక బాబాయి ఓదార్చబోయేవాడు. ఆయనకు ఓదార్చడం చేతకాదు. “పోనీలే, నా బెల్టు కూడా ఊరికే తెగుతుంది” అనేవాడు. బెల్టు మీద టన్నులకొద్దీ బొగ్గు పోతుందని, జోళ్ళలో మనుషుల కాళ్ళు మాత్రమే ఉంటాయని పిన్ని గుర్తుచేసేది. తర్వాత ఇద్దరూ అన్నానికి కూర్చునేవారు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. తనకు చిన్నప్పుడు గౌనులన్నీ కొన్నవే. ఒంటికి సరిపోనివి, చంకల దగ్గర బిగిసేవి, అవీ దుకాణంలో తగిలించినవి. కుట్టు గదిలో పనిచేసే ఆవిడ కూతురు కొన్న గౌను వేసుకుని బడికి వెళ్ళడం మిగతా పిల్లలకు వింతగా ఉండేది. కాస్త పెద్దదయ్యాక ఆ పిల్ల తల్లి పెట్టెలోంచి సూదీ దారం తీసుకుని, నాకూ నేర్పమంది. పిన్ని సూది లాక్కుంది. “నా దగ్గర నేర్చుకుంటే నా కుట్టే వస్తుంది. వద్దు” అంది. పిల్లకు అందులో వినబడింది ‘వద్దు’ ఒక్కటే.

పెద్దయి, బస్సు డిపోలో టైమ్‌కీపరు ఉద్యోగంలో చేరాక, ఎందుకో మాటా మాటా వచ్చిన ఒక రోజున కూతురు అనేసింది: “అందరి అమ్మలూ పిల్లలకి కుట్టారు. నువ్వు జీతానికే కుట్టావు.” వీధి మొత్తానికి జవాబు చెప్పగల పిన్ని తల దించుకుని లేచింది. వంటగదిలోకి పోయి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగింది. ఆవిడ జీవితంలో అంతకన్నా నొప్పి పెట్టిన మాట లేదు. నొప్పి మాట ఎలా ఉన్నా, అది అబద్ధమని చెప్పే ధైర్యం లేకపోవడం ఆవిడను ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత ఊరి బయట కొత్త పవర్‌హౌస్‌లు వచ్చి, పాతదాన్ని ఆపేశారు. బాయిలర్లు చల్లారాయి, టర్బైన్లు తుక్కు కింద పోయాయి, మనుషులు ఇళ్ళకు పోయారు. అద్దాల కప్పు కింద పావురాలు సంసారాలు పెట్టాయి. కొన్నాళ్ళకు కట్టడం గురించి ఊళ్ళో తగువు మొదలైంది. కూలగొట్టి అపార్టుమెంట్లు కడదామని కొందరు, ఇలాంటి ఇటుకపని మళ్ళీ ఎవరూ చెయ్యలేరు కాబట్టి కాపాడుకుందామని కొందరు. కాపాడేవాళ్ళు సంతకాల కోసం ఇంటింటికీ తిరుగుతూ పిన్ని గుమ్మం ఎక్కారు.

“కూలగొట్టండి. పీడ విరగడవుతుంది” అని పిన్ని తలుపు వేసింది. బాబాయి మాత్రం చెప్పులు బాగుచేయించుకునే మిషతో వీధి మలుపు దాకా వెళ్ళి, వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టి వచ్చాడు. ఆ సంగతి ఆయన పోయాకే పిన్నికి తెలిసింది. ఆయనకు ఆ రాతి లతలంటే ఇష్టమట. ఎప్పుడూ చెప్పలేదేమని కోప్పడడానికి అప్పటికి ఆయన లేడు.

మొత్తానికి కట్టడాన్ని రక్షించాలని తీర్మానించారు. పని చూడ్డానికి ఒక ఆర్కిటెక్టును పెట్టారు. ఆ అమ్మాయి ఎప్పుడూ తలకు హెల్మెట్టు, జుట్టు నిండా ఇటుక దుమ్ము, చేతిలో టేపు. గోడలతో మాట్లాడినంత చనువుగా మనుషులతో మాట్లాడేది కాదు. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి పిన్ని ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఆసుపత్రిలో పరీక్షకు ఇచ్చేది ఏదో ఉన్నంత జాగ్రత్తగా దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. లోపల ఒక కాలి మెత్తజోడు ఉంది. చలవరాతి పలక వెనక దొరికిందట. కుట్టింది మీరేనని, ఈ పనికి సలహాదారుగా ఉన్న పాత షిఫ్టు ఇంజనీరు చెప్పాడట. రేపు జనం వచ్చి కంట్రోల్ రూము చూస్తారు, వాళ్ళందరికీ సరిగ్గా ఇలాంటివే కావాలి, కుట్టిపెట్టాలి అని అడిగింది.

పిన్ని కవరు అందుకోలేదు. జోడు అడుగు అరిగి, అవతల ఉన్నది కనబడుతోంది. “ఇంకెవరినైనా చూసుకోమ్మాయ్. నా కుట్టు నిలవదు” అంది.

ఇన్నేళ్ళయినా ఇందులో ఒక్క పోగూ ఊడలేదని ఆర్కిటెక్టు అంది.

“గోడలో దాస్తే ఎవరి కుట్టయినా నిలుస్తుంది.”

ఆ రోజు కూతురు సెలవు పెట్టి ఇంట్లో ఉంది. వచ్చినావిడ మొహం చిన్నబోవడం చూసి, కుట్టినా కుట్టకపోయినా ఒకసారి వెళ్ళి ఆ గది చూసి రావచ్చు కదా అంది. చూడాలని ఉందని పిన్ని అనలేదు. అక్కర్లేదనీ అనలేదు. కళ్ళజోడు తుడుచుకుని, కూతురు బయటికి రాగానే తలుపుకు తాళం వేసింది.

పవర్‌హౌస్ చుట్టూ ఇనప గొట్టాల పరంజా కట్టి ఉంది. మనుషులు వేలాడుతూ ఒక్కో ఇటుకనూ మెత్తటి బ్రష్షుతో కడుగుతున్నారు. ఇటుకల మధ్య సిమెంటు వెయ్యకూడదని, సున్నమే వెయ్యాలని, పాత ఇటుకకు ఊపిరాడాలని ఆర్కిటెక్టు నడుస్తూ వివరించింది. ఇక్కడ పనిచేసే రోజుల్లో తమకే ఊపిరాడేది కాదని పిన్ని అంది. ఆర్కిటెక్టు దాన్ని శ్రద్ధగా విని తలూపింది.

కంట్రోల్ రూము గడప దగ్గర తెల్లటి గుడ్డ సంచులు ఇచ్చి కాళ్ళకు కట్టుకోమన్నారు. పిన్ని కట్టుకుని, లోపలికి ఒక అడుగు వేసి ఆగిపోయింది. అద్దాల కప్పు సగం కడిగి ఉంది. ఆ సగంలోంచి పడ్డ వెలుతురు చలవరాళ్ళ మీదుగా జారి, నేల మీద పరుచుకుంది. టేకు తేనెరంగులో ఉంది. ఇంత అందమైన చోటుకి తను అంత పాడు కుట్టు పంపించానా అనిపించి, సిగ్గుతో పాటు ఏడుపు కూడా వచ్చింది. పక్కనున్న కూతురికి కనబడకుండా మొహం అటు తిప్పుకుంది.

లోపల షిఫ్టు ఇంజనీరు ఉన్నాడు. ముసలివాడైపోయాడు గానీ నిటారుగా, చేతులు వెనక్కి కట్టుకుని, ఇంకా డ్యూటీలో ఉన్నట్టే మీటర్లకేసి చూస్తున్నాడు. ఆ మీటర్లన్నీ సున్నా చూపిస్తున్నాయి.

ఆర్కిటెక్టు తనకు అన్నిటికన్నా ప్రియమైనది చూపించింది. తలుపు పక్క గోడ దగ్గర్నుంచి ఎదుటి చలవరాయి దాకా, నేల మీద రెండు పొడుగాటి చారలు. ఒక్కొక్కటి రెండు పాదాల వెడల్పున, వాడి వాడి అరిగిన మెట్టులా కొద్దిగా లోతుకు దిగి ఉంది. ఎదుటి చివర రెండూ పక్కకు ఒరిగాయి. ఇది సిబ్బంది డ్యూటీ దారి అని ఆ అమ్మాయి చెప్పింది. ఎక్కడైనా లోపం వస్తే తలుపు దగ్గర్నుంచి స్విచ్చుల దగ్గరికి ఎంత వడిగా, ఎంత క్రమశిక్షణతో వెళ్ళేవారో ఈ చారలే సాక్ష్యమట. దీని మీద కొలతలతో సహా పెద్ద నివేదిక రాసింది. ఈ చారల్ని ఎవరూ చిత్రిక పట్టకూడదని అనుమతులు తెచ్చింది. అంతా షిఫ్టు ఇంజనీరు గారిని అడిగే రాశానంది.

“డ్యూటీ అలాంటిది” అన్నాడాయన, మీటర్లకేసి చూస్తూనే.

పిన్ని ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎవరి ముందూ తగ్గని మనిషి గొంతు తగ్గించి, తనెవరో చెప్పుకుంది. ఆ రోజుల్లోనే వచ్చి ఈ మాట చెప్పాల్సిందని, రానిచ్చేవారు కాదని అంది. “నా కుట్టు వల్ల మీరంతా ఇబ్బంది పడ్డారు. నాకు చేతనైనంత గట్టిగానే కుట్టానండీ. అయినా నిలవలేదు. ఏమీ అనుకోకండి.”

ఇంజనీరు ఆవిడను ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి మనసూ నొప్పించాలని నవ్వలేదు. పాత రోజులు గుర్తొచ్చి, ఉత్సాహం పట్టలేక నవ్వాడు.

కుట్టుకేమమ్మా, అన్నాడు. ఊరికి కరెంటు పెద్దగా అక్కర్లేని గంటల్లో ఇక్కడ కూర్చుంటే పిచ్చెక్కిపోయేదట. అందుకని పందాలు పెట్టుకునేవారట. ఇద్దరిద్దరు తలుపు పక్క గోడకు వీపు ఆనించి, రెండడుగులు పరిగెత్తి, జారుతూ పోవాలి. ఎదుటి చలవరాయిని ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాడు అందరికీ టీ తేవాలి. వాళ్ళలో ఒకతన్ని రైలు అని పిలిచేవారట, అతనికి ఆగడం వచ్చేది కాదు. పెద్ద ఇంజనీరు ఒకసారి తనిఖీకి వచ్చి, చూసి, కోప్పడి, తలుపు వేయించి తనూ ఒకసారి జారాడట. ఇంజనీరు చేతులు విప్పి, గాలిలో అటూ ఇటూ ఆడిస్తూ చెప్పుకుపోతున్నాడు.

“మధ్యలో రెండు మడతల అడుగులు వచ్చాయి. అవి ఇంకా బాగా జారేవి. ఆ తర్వాత మైనం పట్టించినవి వచ్చాయి చూశారూ, ఇక మమ్మల్ని పట్టుకునేవాళ్ళు లేరు. స్టోరులో ఎవరో పుణ్యాత్ముడు మా సంగతి తెలిసి, దయతలచి కుట్టిస్తున్నాడనుకున్నాం.”

ఆర్కిటెక్టు తన చారలకేసి చూసింది. తర్వాత చేతిలో ఉన్న నివేదిక కేసి చూసింది. ఆ గదిలో నవ్వుతున్నది ఒక్క ఇంజనీరే. కాసేపటికి ఆయనకూ ఆ సంగతి తెలిసి ఆగిపోయాడు.

“అరిగిపోతే ఏం చేసేవారు?” అని పిన్ని అడిగింది.

“స్టోరుకి ఇచ్చేవాళ్ళం. కొత్తవి వచ్చేవి.”

“ఎందుకు అరిగాయని చెప్పేవారు?”

ఇంజనీరు నీళ్ళు నమిలాడు. “కుట్టు సరిగా లేదని చెప్పేవాళ్ళమమ్మా. ఏదో ఒకటి చెప్పాలి కదా.”

పిన్నికి కోపం వచ్చింది. అది వీధిలో అందరి మీదా పడే కోపం కాదు. ఇన్నేళ్ళుగా ఎటు పోవాలో తెలీక లోపలే కూర్చున్న కోపం. దారం రెండు పేటలు చేసిన రోజు, చేతులు కాలుతున్నా మైనం కాచిన రోజు, సూది లాక్కున్న రోజు, అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అదే సమయానికి, పెద్ద ఇంజనీరు తలుపు వేయించుకుని జారడం కళ్ళ ముందు కనబడి, నవ్వు కూడా వచ్చింది. నవ్వు వచ్చినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

“జారి చూపించండి” అంది.

ఇంజనీరు తన మోకాళ్ళ గురించి చెప్పాడు. పిన్ని వినలేదు. ఆర్కిటెక్టు మధ్యలోకి వచ్చి, ఇది రక్షిత కట్టడమని, ఈ నేల మీద జారడం చట్టప్రకారం నేరమని చెప్పింది. పిన్ని అదీ వినలేదు. “నా జోళ్ళు ఏం చేశాయో నేను చూడాలి” అని, గది మధ్యలో కదలకుండా నిలబడింది. కాస్త ఆలోచించి ఆర్కిటెక్టు ఒక దారి చూపించింది. ఆ మూల పాత చెక్క పుచ్చిపోతే కొత్త టేకు వేశారు, దానికి ఇంకా రక్షణ వర్తించదు. అక్కడైతే అభ్యంతరం లేదంది.

ప్లాస్టిక్ కవరులోది ఒక్కటే జోడు. ఇంజనీరు దాన్ని ఒక కాలికి తొడుక్కుని, రెండో కాలికి గుడ్డ సంచి ఉంచుకున్నాడు. గోడకు వీపు ఆనించాడు. కళ్ళజోడు తీసి పిన్ని కూతురి చేతికిచ్చాడు. రెండు చిన్న అడుగులు వేసి, ఒక పక్కకు ఒరిగి, చేతులు చాపి జారాడు. పెద్ద దూరమేమీ కాదు. ఎదుటి చలవరాయికి రెండు అరచేతులూ ఆనించి ఆగి, అలాగే వంగి ఆయాసపడ్డాడు. వెనక్కి తిరిగేసరికి ఆ ముసలి మొహంలో ఒక కుర్రవాడి సంతోషం ఉంది. పిన్నిని చూడగానే అది పోయింది.

జోడు విప్పి ఆవిడకు అందించి, ఆ మాట ఆవిడ దాకా వస్తుందని తనకు నిజంగా తెలీదని, తెలిస్తే ఇలా చేసేవాళ్ళం కాదని అన్నాడు. ఎవరికి చెప్పమంటే వాళ్ళకు చెబుతానన్నాడు.

ఎవరికి చెప్పాలో పిన్ని ఆలోచించింది. స్టోరు అధికారి పోయాడు. కుట్టు గది ఆడవాళ్ళు తలా ఒక దిక్కయ్యారు, ఉన్నవాళ్ళకు జోళ్ళ సంగతి గుర్తుంటుందో లేదో. బాబాయి లేడు. చెబితే ముందు ఆయనకే చెప్పించాల్సింది.

“మా అమ్మాయి ఉంది. దానికి చెప్పండి” అంది.

ఇంజనీరు కూతురి వైపు తిరిగాడు. ఆవిడ చేతిలో ఆయన కళ్ళజోడు ఇంకా అలాగే ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. “మీ అమ్మగారి కుట్టు ఒక్కసారి కూడా ఊడలేదమ్మా. బాగుండబట్టే అన్నాళ్ళు జారాం. అరగదీసింది మేము. నింద ఆవిడ మీద వేశాం. తప్పు మాది.”

కూతురు కళ్ళజోడు ఆయనకు తిరిగిచ్చింది. తల్లి చేతిలోంచి జోడు తీసుకుని, తిరగేసి, అరిగిపోయిన ఫెల్టు చుట్టూ ఉన్న కుట్టు మీద బొటనవేలు పోనిచ్చింది. చుట్టూ తిప్పి, మొదలుపెట్టిన చోటుకి వచ్చి, మళ్ళీ ఇంకోసారి తిప్పింది. “ఇది తెలీక నేను నిన్ను ఎన్ని మాటలన్నానమ్మా” అంది. నాకు తెలిస్తే కదా నీకు తెలిసేది అని పిన్ని అంది.

చారల పక్కన తగిలించే పలక మీద ఏం రాయాలన్న సంగతి మిగిలింది. అబద్ధం రాసి పెట్టనని ఆర్కిటెక్టు పట్టుబట్టింది. ఉద్యోగులు డ్యూటీలో ఆటలాడారని పలక మీద రాస్తే తన మనవళ్ళు చదువుతారని ఇంజనీరు బతిమాలాడు. వ్యాయామం అని రాయకూడదా అన్నాడు. చాలా చర్చ జరిగాక, ‘ఈ చారలు సిబ్బంది కదలికల వల్ల ఏర్పడ్డాయి’ అని రాసి తగిలించారు. అందులో అబద్ధం ఏమీ లేదు. దాని కింద పిన్ని చెప్పినట్టుగా ఇంకో వాక్యం పెట్టారు: ‘వారి జోళ్ళ కుట్టు గట్టిది.’ చూడ్డానికి వచ్చినవాళ్ళు మొదటి వాక్యానికీ రెండోదానికీ సంబంధం ఏమిటని ఇప్పటికీ అడుగుతుంటారు. సమాధానం చెప్పొద్దని గైడులకు ఆదేశం.

మెత్తజోళ్ళ పని పిన్ని ఒప్పుకుంది. ఒక్కతే చెయ్యగలిగిన పని కాదు. ఆదివారం డిపోకి వెళ్ళాలా అని కూతుర్ని అడిగింది. అక్కర్లేదంటే, అయితే రమ్మంది. కూతురికి అప్పటికే జుట్టు నెరిసింది, దగ్గర చూపుకి అద్దాలు వచ్చాయి. ఆర పట్టుకోవడం ఎలాగో తెలీక, వేలు రెండుసార్లు పొడుచుకుంది. పొద్దుపోయేదాకా కూర్చుని ఒక జోడు పూర్తి చేసి, తల్లికి అందించింది.

పిన్ని దాన్ని తిరగేసింది. మడమ దగ్గర గుడ్డ ముడుచుకుపోయింది. వేళ్ళ దగ్గర పోటుకీ పోటుకీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. చివరి ముడి బఠాణీ గింజంత ఉండి, లోపల దాక్కోకుండా పైకి తేలింది. జీవితమంతా కుట్టుతో గడిపిన మనిషి అంత ఘోరమైన కుట్టు ఎప్పుడూ చూసి ఉండదు. చూసినవాళ్ళు ఎవరైనా అనే మాట ఒకటే ఉంది. కూతురు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని తల్లి మొహంకేసి చూస్తోంది.

పిన్ని జోడును ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తన కుర్చీని కూతురి పక్కకు లాక్కుని కూర్చుంది.

“ఇక్కడ దారం కాస్త లాగేసింది. విప్పుదాం పట్టు, నేనున్నాగా” అంది.